ఆమెకు నిజం చెప్పేదెవరు?

మగ ఉద్యోగికి ముఖం మీదే చెప్పే లోపాన్ని, మహిళా ఉద్యోగి దగ్గరకు వచ్చేసరికి మింగేస్తున్నారు. ‘ఏమంటే ఏమనుకుంటారో, ఆడవాళ్లంటే చులకన అన్న ముద్ర వేస్తారేమో’ అన్న జంకు. పైకి మర్యాదలా కనిపించే ఈ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? చెప్పాల్సిన మాటను ఎలా చెప్పాలి?

రెండు వ్యాసాలు. రెండూ అంతంతమాత్రంగానే ఉన్నాయి. రాసినవాళ్లు ఎవరో తెలియదు, పేర్లకు బదులు పొడి అక్షరాలే ఉన్నాయి. దిద్దేవాళ్లు చదివి తమకు తోచిన గ్రేడు వేశారు. తర్వాత నిర్వాహకులు, ‘ఇప్పుడు మీ అభిప్రాయాన్ని రాసినవాళ్లకే నేరుగా చెప్పండి’ అన్నారు. అప్పుడు బయటపడ్డాయి పేర్లు. ఒకరు ఆండ్రూ, ఒకరు సారా. ఆండ్రూకు ముందు ఏ గ్రేడు వేశారో ఇంచుమించు అదే చెప్పారు. సారాకు చెప్పేటప్పుడు మాత్రం గ్రేడు దాదాపు ఒక మెట్టు పైకి జరిగింది. వ్యాఖ్యలూ మెత్తబడ్డాయి. వ్యాసంలో ఒక్క అక్షరం మారలేదు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లిలీ జాంపోల్, వివియన్ జయాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగమిది. అదే పరిశోధనలో వాళ్లు ఇంకో సంగతి కూడా చూశారు. పనితీరు బాగాలేని ఉద్యోగికి మేనేజర్ చెప్పిన మాటలు కొన్ని చూపించారు. కొన్ని కుండబద్దలు కొట్టినట్టు ఉన్నాయి, కొన్నింటిలో నిజం తక్కువ, తీపి ఎక్కువ. ఏవి ఆడవారికి చెప్పినవో, ఏవి మగవారికి చెప్పినవో ఊహించమన్నారు. తీపి మాటలు ఆడవారికే చెప్పి ఉంటారన్న వైపే మొగ్గు కనిపించింది. అంటే ఇలా జరుగుతుందని జనానికి ముందే తెలుసు. తెలిసీ అది మామూలే అనుకుంటున్నారు.

ఇంటికి వచ్చిన చుట్టాన్ని నొప్పించకుండా మాట్లాడటం మంచి మర్యాదే. కానీ ఆఫీసులో నిజాయతీగా చెప్పిన లోపం కూడా జీతంలాగే ఉద్యోగికి అందాల్సిన వాటా. పక్క సీటులోని మగవాడికి అందుతున్నది ఆమెకు అందకపోతే, ఇచ్చేవాడి ఉద్దేశం ఎంత మంచిదైనా అది తేడా చూపడమే అవుతుంది.

టీ కొట్టు దాకా రాని మాట

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అప్రైజల్ మాటలు అధికారికంగా మీటింగ్ రూమ్‌లోనే జరుగుతాయి. అసలు మాట మాత్రం చాలాసార్లు కింద టీ కొట్టు దగ్గర నడుస్తుంది. “ఏంట్రా, ఆ కోడ్ పంపేముందు ఒక్కసారైనా రన్ చేసి చూశావా? క్లయింట్ ముందు పరువు పోయింది” అంటాడు టీమ్ లీడ్. కుర్రాడు తల గోక్కుంటాడు. టీ అయ్యేలోపు ఎక్కడ పొరపాటు జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం చేయాలో ఇద్దరూ మాట్లాడేసుకుంటారు. పైకి వెళ్లాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అదే తప్పు టీమ్‌లోని అమ్మాయి చేస్తే? ఆమెను టీకి పిలవాలంటేనే మొహమాటం. “పర్లేదండీ, చిన్న ఇష్యూనే, నేను చూసుకుంటాను” అని ఆ రాత్రి తనే కూర్చుని సరిచేస్తాడు. ఆమె బాగానే ఉందనుకుంటుంది. రెండోసారీ అదే జరుగుతుంది, మూడోసారీ అదే. అప్రైజల్‌లో రేటింగ్ ఒక మెట్టు తగ్గుతుంది. ఫారంలో మాత్రం ‘ఓవరాల్‌గా గుడ్, ఇంకాస్త చొరవ చూపాలి’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఏ పనిలో, ఏ రోజు, ఎక్కడ చొరవ తగ్గిందో ఆ వాక్యం చెప్పదు. ఇంటికి వెళ్లి ఎంత ఆలోచించినా ఆమెకు జవాబు దొరకదు.

ఎందుకు చెప్పలేదని ఆ టీమ్ లీడ్‌ను అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: “ఎందుకొచ్చిన గొడవ!” ఆ రెండు మాటల్లో చాలా భయాలు ఇరుక్కుని ఉన్నాయి. కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో. ఆడపిల్లను ఏడిపించాడని నలుగురూ అంటారేమో. హెచ్ఆర్‌కు వెళ్తుందేమో. అన్నిటికంటే లోతైనది, తన గురించి తాను పెట్టుకున్న నమ్మకం చెదురుతుందేమోనన్న భయం. ఆడ, మగ తేడా చూపనివాడినని అనుకునే మనిషికి ఆ నింద పడటం కంటే పెద్ద అవమానం ఉండదు.

2017 అక్టోబరులో అమెరికాలో, సరిగ్గా ఏడాదికి మన దేశంలో ‘మీ టూ’ ఉద్యమం ఉప్పెనలా వచ్చింది. ఏళ్ల తరబడి అణచిపెట్టుకున్న వేధింపులను మహిళలు బయటికి చెప్పగలిగారు. ఆ మేలును తక్కువ చేయలేం. అయితే కొందరు మగ అధికారులు దాన్నుంచి నేర్చుకున్న పాఠం వేరు. వేధించకూడదని నేర్చుకోవాల్సింది పోయి, అసలు దగ్గరికే వెళ్లకూడదని నేర్చుకున్నారు. లీన్ ఇన్, సర్వే మంకీ సంస్థలు 2019లో అమెరికాలో చేసిన సర్వేలో 60 శాతం మగ మేనేజర్లు మహిళలతో ఒంటరిగా పనిచేయడం, వారికి మార్గదర్శకత్వం చేయడం, పని బయట కలవడం లాంటి మామూలు విషయాల్లో ఏదో ఒకదానికి ఇబ్బందిగా ఉందన్నారు. అంతకు ముందు ఏడాది అది 46 శాతమే. దగ్గరికే వెళ్లని మనిషి లోపం చెప్పడం ఎలాగూ జరగదు.

భయం ఊరికే పుట్టలేదు

మగ అధికారుల జంకును ఉత్త పిరికితనంగా కొట్టిపారేయలేం. పని గురించి చెబుతున్నామన్న పేరుతో ఆడవాళ్ల నడకనూ మాటనూ విమర్శించిన చరిత్ర చాలా పెద్దది. అందులో ఒక అధ్యాయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1982లో యాన్ హాప్కిన్స్ అనే మహిళ ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద అకౌంటింగ్ సంస్థలో భాగస్వామి హోదాకు ప్రతిపాదనలో ఉన్నారు. సంస్థలో అప్పటికి 662 మంది భాగస్వాములు, వారిలో మహిళలు ఏడుగురే. ఆ ఏడాది పోటీలో ఉన్న 88 మందిలో ఆమె ఒక్కరే మహిళ. అమెరికా విదేశాంగ శాఖ నుంచి సుమారు రెండున్నర కోట్ల డాలర్ల కాంట్రాక్టు సంస్థకు రావడంలో ఆమె కృషి ఉంది. అయినా ఆమె పేరును పక్కన పెట్టారు. ఏం చేస్తే బాగుంటుందని అడిగితే, పై అధికారి ఇచ్చిన సలహా ఇదీ: ఆడవాళ్లలా నడవాలి, ఆడవాళ్లలా మాట్లాడాలి, మేకప్ వేసుకోవాలి, జుట్టు తీర్చిదిద్దించుకోవాలి, నగలు పెట్టుకోవాలి.

ఈ కేసులో ఎక్కువమంది మర్చిపోయే అంశం ఒకటుంది. కింది ఉద్యోగులతో ఆమె కటువుగా వ్యవహరిస్తారన్న ఫిర్యాదులు నిజంగానే ఉన్నాయి. ఆమెను సమర్థించినవాళ్లలో కూడా కొందరు ఆ మాట అన్నారు. అంటే ఆమెకు చెప్పాల్సిన అసలైన లోపం ఒకటి ఉంది. ఫలానా ఉద్యోగితో ఫలానా రోజు ఇలా మాట్లాడారు, దానివల్ల పని ఇలా దెబ్బతింది అని చెప్పి ఉంటే అది విమర్శ అయ్యేది. దాన్ని నగల దగ్గరికీ నడక దగ్గరికీ తీసుకెళ్లేసరికి వివక్ష అయింది. దూకుడు అవసరమైన ఉద్యోగం ఇచ్చి, ఆ దూకుడునే ఆడవారిలో తప్పుగా ఎంచితే వాళ్లు ఎటూ గెలవలేరని 1989లో సుప్రీంకోర్టులో జస్టిస్ బ్రెన్నన్ అభిప్రాయపడ్డారు. మరుసటి ఏడాది హాప్కిన్స్‌ను భాగస్వామిగా తీసుకోవాలని కింది కోర్టు ఆదేశించింది.

పాతికేళ్ల తర్వాత కూడా పెద్దగా మారలేదని కీరన్ స్నైడర్ 2014లో చూపించారు. టెక్ రంగంలో పనిచేసిన ఆమె, 28 కంపెనీలకు చెందిన 180 మంది నుంచి 248 అప్రైజల్ నివేదికలు సేకరించి చదివారు. లోపాలు ఎత్తిచూపిన మగవారి నివేదికలు 83 ఉంటే, వాటిలో స్వభావాన్ని తప్పుపట్టినవి రెండే. మహిళల నివేదికల్లో అలాంటివి 94కు 71! ‘గొంతు తగ్గించుకో’, ‘పక్కవాళ్లకూ చోటివ్వు’ అన్న ధోరణి. తమంతట తాముగా ఇచ్చినవాళ్ల నివేదికలే కాబట్టి ఈ లెక్క అన్ని కంపెనీలకూ వర్తిస్తుందని చెప్పలేం. కానీ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్లీ కోరెల్, కరోలిన్ సిమార్డ్ 2016లో ఒక పెద్ద టెక్ కంపెనీ నివేదికలు పరిశీలించినప్పుడూ ఇదే జాడ కనిపించింది. ‘మాట తీరు మరీ దూకుడు’ అన్న వ్యాఖ్యల్లో 76 శాతం మహిళల నివేదికల్లోనే ఉన్నాయి. పని ఫలితంతో ముడిపెట్టి చెప్పిన సలహాల్లో మాత్రం 60 శాతం మగవారికి వెళ్లాయి.

ఒకవైపు సారాకు గ్రేడు పెంచారు, ఇంకోవైపు స్వభావాన్ని తప్పుపట్టారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు అనిపించవచ్చు. దగ్గరగా చూస్తే రెండింటిలోనూ ఆమె చేసిన పనే మాయమైంది. ముఖాముఖిగా ఉన్నప్పుడు మనసు నొచ్చుకుంటుందని పని గురించి చెప్పలేదు. కాగితం మీద రాసేటప్పుడు పని వదిలేసి మనిషి గురించి రాశారు.

ఆలస్యంగా బయటపడే నష్టం

ఆసుపత్రిలో ఈ తేడా ఎలా పేరుకుంటుందో 2017లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చెబుతుంది. ఎనిమిది ఆసుపత్రుల్లో అత్యవసర వైద్యంలో శిక్షణ పొందుతున్న జూనియర్ డాక్టర్లకు సీనియర్లు ఇచ్చిన మార్కులను పరిశీలించారు. మొదటి ఏడాదిలో ఆడ, మగ ఇంచుమించు సమానం. చివరి ఏడాదికి వచ్చేసరికి మగ డాక్టర్ల మార్కులు ముందుకు వెళ్లాయి. ఆ తేడా మూడు నాలుగు నెలల అదనపు శిక్షణతో సమానం. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం, సీనియర్లు రాసిన వ్యాఖ్యలను చదివింది. వెనకబడిన మగ డాక్టరుకు ఏం దిద్దుకోవాలో అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. మహిళా డాక్టరుకు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు, ముఖ్యంగా సొంతంగా నిర్ణయాలు తీసుకునే విషయంలో. నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తే దిద్దుకునేదెలా?

మన దేశంలో దీనికి బలమైన సాక్ష్యం సైన్యం నుంచి వచ్చింది. వైద్య విభాగాలు కాకుండా మిగతా శాఖల్లోకి మహిళా అధికారులను 1992 నుంచి తీసుకుంటున్నా, చాలా శాఖల్లో వారికి శాశ్వత కమిషన్, అంటే పదవీ విరమణ దాకా కొనసాగే అవకాశం, ఉండేది కాదు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇచ్చింది. ఎంపిక మొదలయ్యాక అసలు చిక్కు బయటపడింది. ఎంపికకు ఆధారం ఏళ్ల కిందటి వార్షిక రహస్య నివేదికలు. అవి రాసిననాడు ఈ మహిళలకు పైకి వెళ్లే దారే లేదు. ఎలాగూ ముందుకు వెళ్లరు కదా అన్న ధోరణిలో, పెద్దగా శ్రద్ధ పెట్టకుండా రాసినవి. ఆ కాగితాలతోనే వాళ్లను ఇప్పుడు మగ అధికారులతో పోల్చారు. లెఫ్టినెంట్ కల్నల్ నితీశ కేసులో 2021 మార్చి 25న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం ఈ పద్ధతిని తప్పుపట్టింది. పైకి అందరికీ ఒకటే కొలతలా కనిపించినా, ఇది వ్యవస్థలోనే పాతుకున్న వివక్ష అని తేల్చింది.

ఆ నివేదికలు రాసినవాళ్లను నడిపించింది భయం కాకపోవచ్చు, ఉదాసీనత కావచ్చు. ఫలితంలో తేడా లేదు. ఆమె పనిని ఆనాడు ఎవరూ శ్రద్ధగా తూచలేదు. ఏళ్లు గడిచాక ఆ తూచని కాగితమే ఆమెకు అడ్డం వచ్చింది.

చట్టం దేనికి భయపెడుతోంది?

‘పోష్ చట్టం ఉంది కదండీ, ఏదన్నా అంటే కమిటీకి వెళ్తారు’ అన్న మాట ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల నుంచి, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే ఈ చట్టం 2013లో వచ్చింది. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. చట్టం వేధింపుగా చెప్పే పనులు ఐదు రకాలు: అవాంఛిత శారీరక స్పర్శ, లైంగిక కోరికలు తీర్చమనడం, లైంగిక వ్యాఖ్యలు, అశ్లీల చిత్రాలు చూపడం, లైంగిక స్వభావం ఉన్న మరే ఇతర మాటా చేష్టా. ‘మీ రిపోర్టులో లెక్కలు తప్పాయి, రేపటికల్లా సరిచేసి పంపండి’ అన్నది వీటిలో దేనిలోకీ రాదు.

కోర్టులు కూడా ఈ గీతను గీశాయి. అధికారి పని చేయించుకోవడాన్నీ లైంగిక వేధింపునూ ఒకటిగా చూడలేమని, ఉద్యోగినులు కూడా అప్పగించిన పని పూర్తిచేయాల్సిందేనని 2020 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి సంబంధించిన కేసులో చెప్పింది. 2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థకు చెందిన కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. పై అధికారి మందలించారని సహాయ ప్రొఫెసర్ పెట్టిన క్రిమినల్ కేసు అది. విధుల గురించి పై అధికారి మందలించడం, ఉద్దేశపూర్వకంగా అవమానించే నేరం కిందికి రాదని కోర్టు స్పష్టం చేసింది. కింది ఉద్యోగులు శ్రద్ధగా పనిచేయాలని అధికారి ఆశించడంలో తప్పు లేదంది.

ఈ తీర్పులను అరిచేందుకు లైసెన్సుగా చదువుకుంటే తప్పు. నలుగురి ముందు పరువు తీయడం ఎవరి విషయంలోనైనా చెడ్డ పనే. ఈ తీర్పుల్లో మేనేజర్లకు పనికొచ్చేది ఒక్కటే: మాట పని మీద ఉన్నంతసేపూ చట్టం మీకు అడ్డం రాదు.

చెప్పే పద్ధతి

చెప్పాల్సినట్టు చెబితే ఎంత మేలో, గూగుల్‌లో జరిగిన ఒక సంఘటన చూపిస్తుంది. 2004లో అక్కడ చేరిన కొత్తల్లో కిమ్ స్కాట్ సంస్థ వ్యవస్థాపకుల ముందు ఒక ప్రజెంటేషన్ ఇచ్చారు. బాగా జరిగింది. బయటికి వస్తూ ఆమె బాస్ షెరిల్ శాండ్‌బర్గ్, ముందు బాగున్న సంగతులు చెప్పి, మాటకు మాటకు మధ్య ‘అమ్... అమ్’ అంటున్నారని గుర్తుచేశారు. స్కాట్ చేత్తో తీసిపారేశారు. కావాలంటే మాట్లాడటం నేర్పేవారిని సంస్థ ఖర్చుతో ఏర్పాటు చేస్తానన్నారు శాండ్‌బర్గ్. స్కాట్ అదీ పట్టించుకోలేదు. అప్పుడు శాండ్‌బర్గ్ ఇక నేరుగానే చెప్పారు: అలా అనడం వల్ల మీరు తెలివితక్కువగా కనిపిస్తున్నారని. ఆ మాట స్కాట్‌కు తగిలింది. శిక్షకురాలి దగ్గరికి వెళ్లారు. అన్నేళ్లుగా ఎవరూ ఎందుకు చెప్పలేదని ఆశ్చర్యపోయారు. ఆ అనుభవం నుంచే తర్వాత ‘రాడికల్ కాండర్’ పుస్తకం రాశారు. అందులో ఆమె ప్రత్యేకంగా ఎత్తిచూపిన సమస్యల్లో ఒకటి, ఆడవారితో మెత్తగా ఉండాలని పెరిగిన మగ మేనేజర్లు వారికి అవసరమైన విమర్శ చెప్పలేకపోవడం.

శాండ్‌బర్గ్ మాటలో పదును ఒక్కటే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. లోపం ఏమిటో కచ్చితంగా చెప్పారు, సరిచేసుకునే దారి చూపించారు, దానికి అయ్యే ఖర్చు సంస్థదే అన్నారు. జరిగిన వెంటనే, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పారు.

మరి మహిళా బాస్ లేని చోట? ‘నేను ఆడదాన్ననే ఇలా అంటున్నాడా?’ అన్న సందేహం వినేవారికి వచ్చే చోట? ఈ ప్రశ్నకు జవాబు జాతి వివక్ష మీద జరిగిన పరిశోధనల్లో దొరుకుతుంది. నల్లజాతి విద్యార్థులకు తెల్లజాతీయులు అవసరానికి మించి మెచ్చుకోలు ఇస్తారని కెంట్ హార్బర్ 1998లోనే చూపించారు. అదే జంకు, అదే తీపి. డేవిడ్ యేగర్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఏడో తరగతి పిల్లల వ్యాసాలను టీచర్లు మామూలుగానే తప్పులు చూపిస్తూ దిద్దారు. కొందరి కాగితాలకు మామూలు చీటీ, మరికొందరి కాగితాలకు ఒక ప్రత్యేక చీటీ అంటించారు. నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు, అందుకే ఈ వ్యాఖ్యలు రాశాను అన్నది ప్రత్యేక చీటీ సారాంశం. మామూలు చీటీ అందుకున్న నల్లజాతి పిల్లల్లో 17 శాతమే వ్యాసాన్ని దిద్ది తిరిగి ఇచ్చారు. ప్రత్యేక చీటీ చూసినవారిలో 72 శాతం ఇచ్చారు. విమర్శను ఇసుమంతైనా తగ్గించలేదు. అది ఎందుకు చెబుతున్నారో మాత్రం చెప్పారు.

మేనేజర్లు రేపటి నుంచే మొదలుపెట్టగలిగిన పనులు కొన్ని:

• ఏ పని, ఏ తేదీ, ఏం జరిగింది, దానివల్ల ఏం నష్టమైంది — ఈ నాలుగూ లేకుండా ఏ లోపాన్నీ రాయకూడదు. ‘చొరవ లేదు’, ‘మాట తీరు బాగాలేదు’ అన్న వాక్యాలకు ఉదాహరణ చూపలేకపోతే కొట్టేయాలి.

• అప్రైజల్ ఫారాలు పంపేముందు ఒక మహిళదీ, అదే హోదాలోని ఒక మగవాడిదీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదానిలో పని, రెండోదానిలో స్వభావం కనిపిస్తే మళ్లీ రాయాలి.

• టీ కొట్టు దగ్గర కొందరికే చెప్పే మాటకు అందరికీ అందే చోటూ సమయమూ ఉండాలి. పదిహేను రోజులకోసారి ప్రతి ఒక్కరితో విడివిడిగా మాట్లాడే అలవాటు పెట్టుకుంటే చాలు. తలుపు తెరిచి ఉన్న గది, నలుగురూ కనిపించే క్యాంటీన్ మూల, ఏదైనా సరే.

• కన్నీళ్లు వస్తే మాట మార్చేయకూడదు. మంచినీళ్లు ఇచ్చి, ఐదు నిమిషాలు ఆగి, “మళ్లీ మాట్లాడదామా, రేపు కూర్చుందామా?” అని ఆమెనే అడగాలి. ఆమె కంట నీరు వచ్చిందని చెప్పాల్సింది దాచేస్తే, నష్టం మళ్లీ ఆమెకే.

• ‘మీరు అన్నది నన్ను ఆడదాన్నని అన్నట్టుంది’ అని ఎవరైనా అంటే, వాదనకు దిగకుండా వినాలి. అప్పుడప్పుడూ అది నిజమే అవుతుంది.

ఈ చివరి మాట చాలామందికి మింగుడు పడదు. నింద పడకుండా చూసుకోవడమే లక్ష్యమైతే నోరు మూసుకోవడం కంటే సురక్షితమైన దారి లేదు. ఉద్యోగి ఎదగడం లక్ష్యమైతే అప్పుడప్పుడూ తప్పుగా చెప్పడం, దాన్ని దిద్దుకోవడం మేనేజర్ పనిలో భాగమే.

అడిగే హక్కు ఆమెకూ ఉంది

సరిహద్దు రోడ్ల విభాగంలో దేవ్ దత్ అనే ఇంజినీరుకు ఒక ఏడాది నివేదికలో ‘గుడ్’ వచ్చింది. పదోన్నతికి ‘వెరీ గుడ్’ కావాలి. ఆ గుడ్ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, పదోన్నతి రాలేదు. 2008 మేలో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా నివేదికలోని ప్రతి నమోదునూ ఉద్యోగికి తెలియజేయాలని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం నివేదిక మొత్తాన్నీ ఉద్యోగికి చూపించే పద్ధతి తెచ్చింది. పొగడ్తలాంటి మాట కూడా చెప్పకుండా దాచిపెడితే మనిషి దారిని మూసేయగలదని ఆ కేసు చూపించింది.

ప్రైవేటు కంపెనీలకు ఆ తీర్పు నేరుగా వర్తించదు. కాబట్టి అక్కడ ఉద్యోగినే అడగాలి. ‘నా పని ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుందండీ’ అనే వస్తుంది. అడగాల్సిన ప్రశ్నలు వేరు: ‘వచ్చే హోదాకు వెళ్లాలంటే ఇప్పుడు నాలో లేనిదేమిటి? గత మూడు నెలల్లో నేను చేసిన పనుల్లో మీరు మళ్లీ చేయాల్సి వచ్చినది ఏదైనా ఉందా? నా హోదాలోనే ఉండి పదోన్నతి పొందినవాళ్లు నాకంటే భిన్నంగా ఏం చేశారు?’ జవాబు మెయిల్‌లో రాసి పంపమనాలి. మేనేజర్ మొహమాటపడితే, ‘చెప్పండి సార్, నేనేమీ అనుకోను. చెప్పకపోతేనే నాకు నష్టం’ అనగలగాలి. ఆ జవాబు మెయిల్‌లో వచ్చినప్పుడు రేటింగ్ రోజున రెండు పక్షాల చేతిలోనూ ఒకే కాగితం ఉంటుంది.